చంద్రబలం చూసుకుని ట్రైలర్

‘గ్రాండ్ తెఫ్ట్ ఆటో 5’ వీడియో గేమ్ వచ్చింది 2013లో. అట్ట మీద పెద్దలకు మాత్రమే అని ఉన్నా నిక్కర్లేసుకుని ఆడేసిన పిల్లలు ఇప్పుడు ఈఎంఐలు కడుతున్నారు. ఆరో భాగం కోసం ఎదురుచూపులు మాత్రం తగ్గలేదు.

మొదటి ట్రైలర్ 2023 డిసెంబరులో వదిలారు. ఉన్నదే నిమిషన్నర. దాన్ని ఆపి ఆపి, కార్ల నంబరు ప్లేట్లు కూడా వదలకుండా చదివారు. రెండోది ఎప్పుడంటే గేమ్ తయారుచేసే రాక్‌స్టార్ సంస్థ నోరు విప్పలేదు. అభిమానులు ఊరుకుంటారా? కంపెనీ పెట్టిన బొమ్మల్లో చంద్రుడు ఏ కళలో ఉన్నాడో చూసి తేదీలు గుణించారు! తాతగారు పంచాంగం తీస్తే మూఢనమ్మకం, ఇది మాత్రం పరిశోధన. పాపం, చంద్రుడు మాట నిలబెట్టుకోలేదు.

ఇక విడుదల సంగతి. 2025 అన్నారు. తర్వాత 2026 మే 26 అన్నారు. అదీ కాదు, నవంబరు 19 అన్నారు. వాయిదా పడ్డ ప్రతిసారీ ‘తొందరేముంది, నాణ్యత ముఖ్యం’ అంటూ గేమరే కంపెనీని వెనకేసుకొచ్చాడు. ఆ మహానుభావుడే, బిర్యానీ పది నిమిషాలు ఆలస్యమైతే డెలివరీ కుర్రాడికి ఒక్క స్టారు ఇచ్చి పంపిస్తాడు.