మానేరు ఒడ్డున గాలికోటు బేరం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఈతశాస్త్రమంతా, వ్యవసాయ బావిలోకి తోసిన పిల్లవాడు ఏదో ఒక విధంగా పైకి తేలాలన్న ఒక్క సూత్రం చుట్టూ తిరిగింది. వీపుకు కట్టిన ఎండు సొరకాయ బుర్రలు, ఆ తరువాతి తరానికి అందిన లారీ ట్యూబులు, నేడు చెరువుల్లో వల వేసేవారు ఎక్కి కూర్చునే థర్మాకోల్ తెప్పలు, అన్నీ ఆ తేలే పనికే పుట్టాయి. ఇంతటి ఘన సంప్రదాయంలో పెరిగిన వ్యక్తి స్కూబా డైవింగుకు, అంటే వీపున గాలి సిలిండరు మోసుకుని నీటి అడుగున విహరించే క్రీడకు, సామాను కొనడానికి బయలుదేరినప్పుడు, బాయన్సీ కంపెన్సేటర్ అనే గాలికోటును చూసి అది సొరకాయ బుర్రకే ఖరీదైన అవతారమని తేల్చుకోవడం సహజం. ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్దది చూపించమని అడగడం అంతకంటే సహజం. ఈ రెండు సహజాలూ పొరపాటే.

డైవర్లు బీసీడీ అని పొట్టిగా పిలిచే ఈ కోటులో గాలి నిండే సంచి ఒకటి ఉంటుంది. సిలిండరు నుంచి వచ్చే సన్నని గొట్టం దానికి గాలిని అందిస్తుంది. ఎడమ భుజం మీదుగా వేలాడే మరో గొట్టం చివర రెండు మీటలుంటాయి, ఒకటి గాలి నింపడానికి, మరొకటి వదలడానికి. దీని అసలు ఉద్దేశం మనిషిని తేల్చడమూ కాదు, ముంచడమూ కాదు. నీటి నడిమధ్యన త్రిశంకుడిలా, పైకీ పోకుండా కిందికీ జారకుండా నిలపడం. నీటి ఉపరితలం మీద విశ్రాంతిగా తేలడానికి కూడా అది పనికివస్తుంది గాని, ఆ పని సొరకాయ బుర్ర ఎంతో చౌకగా చేసిపెడుతుంది.

ఈ మూడు ఊళ్లకూ సముద్రానికీ మధ్య చాలా దూరం ఉన్నమాట నిజమే అయినా, ఇక్కడి కుటుంబాలకు గల్ఫుతో ఉన్న దగ్గరితనం ముందు ఆ దూరం లెక్కలోకి రాదు. ఫుజైరా తీరం, మస్కట్ దగ్గరి దైమానియాత్ దీవులు డైవింగుకు పేరుపడినవి. దుబాయిలో 2021లో తెరిచిన డీప్ డైవ్ దుబాయి అనే కొలను లోతు 60 మీటర్లు. అక్కడ ఉద్యోగం చేసుకుంటూ సెలవు దినాన డైవింగు నేర్చుకున్న యువకుడు, 25 వేల నుంచి 70 వేల రూపాయల దాకా పలికే ఈ కోటును ఇంటికి తెచ్చి విప్పినప్పుడు, మేనమామ అడిగే మొదటి ప్రశ్నను ఎవరైనా ఊహించగలరు: "ఏంది అల్లుడా, గిన్ని పైసలు వెట్టి కొన్నది మునుగుతందుకా, తేలుతందుకా?" శాస్త్రీయంగా చూస్తే ఇంతకంటే లోతైన ప్రశ్న లేదు. సమాధానం విన్నాక మేనమామ ముఖంలో కనిపించే జాలి మాత్రం శాస్త్రానికి అందదు.

ఈ పరికరం చరిత్ర పొడవైనదేమీ కాదు. 1943లో ఫ్రాన్సులో కూస్తో, గాన్యాన్ కలిసి ఆక్వాలంగ్ అనే శ్వాస పరికరాన్ని రూపొందించిన తరువాత చాలా ఏళ్లు డైవర్లు గాలికోటు లేకుండానే దిగారు. 1961లో అదే దేశంలో మోరిస్ ఫెంజీ మెడలో వేసుకునే గాలిసంచిని తెచ్చాడు. 1970ల్లో చేతుల్లేని కోటు ఆకారమూ, వీపున మాత్రమే గాలి నిండే రెక్క ఆకారమూ వచ్చాయి. మరి ధర్మపురి గోదావరి రేవుల్లోని గజ ఈతగాళ్లు ఏ కోటూ లేకుండా అడుగుకు వెళ్లి ఎలా వస్తున్నారని ఎవరైనా అడిగితే, ఊపిరితిత్తులే అసలైన గాలికోటు అన్నది జవాబు. నిండుగా పీల్చిన ఛాతీకీ ఖాళీ చేసిన ఛాతీకీ మధ్య మూడు నాలుగు లీటర్ల తేడా ఉంటుంది, మంచినీటిలో ఒక్కొక్క లీటరు ఒక్కొక్క కిలో బరువును ఎత్తుతుంది. నిపుణుడైన డైవరు కూడా చిన్న సర్దుబాట్లన్నీ శ్వాసతోనే చేసి, మీటల జోలికి అరుదుగా పోతాడు.

పెద్ద కోటు ఎందుకు వద్దో బాయిల్ సూత్రం చెబుతుంది. ఒత్తిడి పెరిగిన కొద్దీ గాలి పరిమాణం అదే నిష్పత్తిలో తగ్గుతుంది. నీటిలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది. 30 మీటర్ల లోతున కోటులో నాలుగు లీటర్ల గాలి ఉంటే, ఏమీ నింపకపోయినా 10 మీటర్లకు వచ్చేసరికి అది ఎనిమిది, ఉపరితలానికి పదహారు లీటర్లవుతుంది. పైకి లేచిన కొద్దీ ఉబ్బుతుంది, ఉబ్బిన కొద్దీ ఇంకా వేగంగా లేస్తుంది. కంగారులో వదిలే మీటకు బదులు నింపే మీట నొక్కినవాడు సీసా మూతలా పైకి వస్తాడు. ఊపిరి బిగబట్టి ఉంటే ఊపిరితిత్తులు చిట్లే ప్రమాదం ఉంది కాబట్టి ఇక్కడ హాస్యానికి తావు లేదు. పెద్ద సంచిలో ఎక్కువ గాలి పడుతుంది. పైగా అది ఉందన్న ధైర్యంతో నీటిలోకి దిగడానికి బరువుగా వాడే సీసాన్ని అక్కరకు మించి నడుముకు కట్టుకుని, ఆ సీసాన్ని మోయడానికి మరింత గాలి నింపే డైవర్లకు లోటు లేదు. వెచ్చని నీటిలో ఒకే సిలిండరుతో దిగేవారికి పది, పదిహేను కిలోలు ఎత్తగల కోటు ధారాళంగా చాలు.

సిరిసిల్ల దగ్గరి మధ్య మానేరు జలాశయం విషయంలో ఈ శాస్త్రం ఒక చిత్రమైన మలుపు తిరుగుతుంది. సముద్రమట్టానికి 300 మీటర్లు దాటిన జలాశయాల్లో డైవింగును ఎత్తైన ప్రదేశాల డైవింగుగా పరిగణించి లోతు, కాలం లెక్కలను సవరించుకోవాలని శిక్షణ గ్రంథాలు చెబుతాయి. మధ్య మానేరు పూర్తి నీటిమట్టం 318 మీటర్లు. అంటే ఒక్క కొండా ఎక్కకుండా, బస్సు దిగి నేరుగా నడిచివెళ్లినవాడు కూడా, జలాశయం నిండి ఉంటే, శాస్త్రరీత్యా పర్వత డైవరే. అంతేగాక అది మంచినీరు. ఉప్పునీటికన్నా తేలిక కనుక ఫుజైరాలో కుదిరిన సీసం బరువులో రెండు కిలోల పైచిలుకు ఇక్కడ తీసేయాలి. ఇక చూడటానికేముందని అడిగితే, డీప్ డైవ్ దుబాయి అడుగున మునిగిపోయిన నగరాన్ని కృత్రిమంగా కట్టి, ఇల్లూ గ్యారేజీ అమర్చి, టికెట్టు పెట్టి చూపిస్తున్నారు. చీర్లవంచ, అనుపురం, రుద్రవరం వంటి ఊళ్లు మధ్య మానేరు కోసం ఏ టికెట్టూ లేకుండా నిజంగానే మునిగాయి. అయితే ఒండ్రు కలిసిన జలాశయపు అడుగున చాచిన చెయ్యే కనిపించదు గనుక, కోటు నల్లనిదా నీలిదా అని దుకాణంలో గంటసేపు తర్కించినవారి శ్రమ అక్కడ పూర్తిగా వృథా.

ఎంపికలో అన్నిటికన్నా ముఖ్యమైనది కొలత. పిల్లవాడికి రెండేళ్లు రావాలని ఒక సైజు పెద్ద చొక్కా కొనే అలవాటు బీసీడీ దగ్గర పనిచేయదు. వదులు కోటు గాలి నింపగానే చెవుల దాకా లేచి, మనిషిని కింద వదిలేసి తాను తేలుతుంది. బిగుతైనదైతే గాలి నిండగానే పక్కటెముకలను నొక్కి శ్వాసకు అడ్డుపడుతుంది. అందుచేత వేసుకుని, పూర్తిగా గాలి నింపి, గట్టిగా ఊపిరి పీల్చి చూడటమే పరీక్ష. కోటు ఆకారం ఉపరితలం మీద నిటారుగా, హాయిగా ఉంచుతుంది. రెక్క ఆకారం నీటి అడుగున శరీరాన్ని బల్లపరుపుగా ఉంచుతుంది గాని, పైకి వచ్చాక ముఖాన్ని నీటి వైపు తోస్తుంది.

బట్ట విషయంలో మాత్రం సిరిసిల్లవారిని మోసగించడం ఏ దుకాణదారుడికీ సాధ్యం కాదు. మరమగ్గాలను సాంచలని పిలిచే ఆ పట్టణంలో డెనియర్ గురించి ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేదు. మిగతావారి కోసం చెప్పాలంటే, 9000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అది అన్ని డెనియర్లు. మంచి కోటుకు 840 లేదా 1000 డెనియర్ నైలాను వాడి, గాలి ఆగడానికి లోపల పాలియురేథేన్ పూత పూస్తారు. కుట్టులో సూది పడిన ప్రతిచోటా గాలి పోయే చిల్లు ఏర్పడుతుంది కనుక గాలిసంచి అంచులను అధిక పౌనఃపున్య విద్యుత్తుతో కరిగించి అతికిస్తారు. అంచును వేలితో తడిమి, వెలుగుకు ఎత్తి చూసి, పెదవి విరిచే సిరిసిల్ల ఆసామి ఇచ్చే తీర్పు, రంగుల ప్రకటనల పుస్తకం కంటే నమ్మదగినది. నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో పట్టే చీరను నేసిన ఊరు అది. విమానంలో తీసుకెళ్లే సామాను ముప్పై కిలోలకు మించరాదని బాధపడే గల్ఫు ప్రయాణికుడికి నచ్చే రెండు కిలోల ప్రయాణపు బీసీడీ కూడా ఆ ఊరి కళ్లకు మోటుగానే కనిపిస్తుంది.

కొనదలచినవారికి ఒక్క మాట. విశాఖ రుషికొండలో గాని, గల్ఫులో గాని, శిక్షణ సమయంలో గాలికోటును నేర్పేవారే ఇస్తారు. రెండు మూడు రకాలు వాడి చూసేదాకా సొంతానికి కొనకండి. చేతిలో డబ్బు ఆగనంటే, ముందుగా మీ ముఖానికి సరిగ్గా అతికే మాస్కు కొనుక్కోండి.