పిండి కొద్దీ పుండు

మన ఇళ్లలో ఎవరికైనా కడుపులో పుండు పడిందంటే తీర్పు చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు. ఆవకాయ, మిరపకాయ బజ్జీ, పరగడుపున కాఫీ, ఆఫీసులో టెన్షన్. ముద్దాయిలు ఎప్పుడూ సిద్ధం. మరి పందికెందుకు పడుతుంది? అది గుంటూరు కారం ఎరగదు. దానికి పిల్ల పెళ్లి బెంగ లేదు, బ్యాంకు వాయిదాలు లేవు. అయినా అయోవాలోనో డెన్మార్కులోనో కబేళాకొచ్చిన పందుల కడుపులు వరసగా కోసి చూస్తే, కొన్ని మందల్లో మచ్చలేని కడుపు కోసం వెతుక్కోవాల్సి వస్తుంది.

ఆ పందికి పడ్డ పుండుకు పెద్ద ముద్దాయి పిండి.

పందుల పరిశ్రమకు ఒక ఇలవేల్పు ఉంది. పేరు ఎఫ్‌సీఆర్. పంది కిలో బరువు పెరగడానికి ఎన్ని కిలోల దాణా తింటుందన్న లెక్క. ఎదిగే పందికి రెండున్నర, మూడు దగ్గర ఉంటుంది. ఆ అంకె చుక్క తర్వాతి స్థానంలో కాస్త తగ్గినా ఫారంలో పండగే. గింజను సన్నగా పట్టిస్తే జీర్ణరసాలకు ఎక్కువ తావు దొరుకుతుంది, అరుగుదల బాగుంటుంది. రేణువు 100 మైక్రాన్లు తగ్గితే దాణా సుమారు ఒక శాతం ఆదా. అమెరికాలో కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు ఏళ్ల తరబడి జల్లెడ పట్టి చూసిన సంగతి ఇది. ఆ లెక్కతో నాకు పేచీ లేదు. అక్కడికే పుస్తకం మూసేసేవాళ్లతోనే పేచీ.

ఒక శాతం రుచి మరిగినవాడు ఆగుతాడా? 1000 మైక్రాన్లంటే ఒక మిల్లీమీటరు. అక్కణ్ణుంచి 700కి దిగారు, 600 అన్నారు, 500 అన్నారు, ఇంకా కిందికీ చూస్తున్నారు. మన వంటింటి లెక్కలో ఇడ్లీ రవ్వ నుంచి బొంబాయి రవ్వకి, అక్కణ్ణుంచి మైదాకి ప్రయాణం. ఆపైన ఆ పిండికి ఆవిరి పట్టి, జంతికల గొట్టంలో ఒత్తినట్టు ఒత్తి గుళికలు చేస్తారు. ఆ ఒత్తుడులో మిగిలిన కాస్త రవ్వా నలిగిపోతుంది. ఇంత సేవ మన అల్లుళ్లకు కూడా జరగదు.

పంది కడుపుకు మాత్రం ఈ సేవ పడదు. అన్నవాహిక వచ్చి కడుపులో కలిసే చోట ఒక తెల్లటి చదరం ఉంటుంది. శాస్త్రం దాన్ని పార్స్ ఈసోఫేజియా అంటుంది. మిగతా కడుపు గోడకంతా జిగురు పూత ఉంటుంది, ఆమ్లం పడ్డా తట్టుకుంటుంది. ఈ చదరానికి ఆ పూత లేదు. మన నోటి లోపలి చర్మం లాంటిదే. ముతక దాణా తిన్నప్పుడు దానికి ఇబ్బంది లేదు. తిండి ముద్దగా కూర్చుంటుంది, ఘాటైన ఆమ్లం అడుగునే ఉంటుంది, పైన గొంతు వైపు ఘాటు తక్కువ. ఎవరి అంతస్తులో వాళ్ల కాపురం. పిండి తిన్నప్పుడు ముద్ద లేదు, అంతస్తుల్లేవు, అంతా గంజి. పంది కదిలినప్పుడల్లా అడుగునున్న ఆమ్లం పైకొచ్చి ఆ తెల్ల చదరాన్ని కడుగుతుంది.

మొదట ఆ చదరం పసుపెక్కి గరుకు తేలుతుంది. తర్వాత పగులుతుంది, కోసుకుపోతుంది. చివరికి చదరం మొత్తం పోయి, దాని చోట అంచు గట్టిపడ్డ గుంట ఒకటి మిగులుతుంది. రక్తనాళం తెగిందా, రాత్రి తిన్న పంది తెల్లారేసరికి కాగితంలా పాలిపోయి పడుంటుంది. కోసి చూస్తే కడుపు నిండా గడ్డకట్టిన నల్లటి నెత్తురు. కొన్ని అంత తొందరగా పోవు. నల్లటి తారులాంటి పేడ వేస్తూ, పళ్లు కొరుకుతూ, ఓ మూల నిలబడతాయి. గులాబి రంగు యార్క్‌షైర్ పంది సున్నం రంగులోకి తిరగడం చూడాలంటే ఫారంలో ఎవరైనా పందుల ముఖాలు చూడాలి. చూసేది మాత్రం కంప్యూటర్ తెరను.

గోరుచుట్టు మీద రోకటిపోటు ఇంకోటుంది. సన్నటి పిండి గోతాల్లోంచి, గొట్టాల్లోంచి సరిగ్గా జారదు. లోపల వంతెన కట్టినట్టు గడ్డకట్టి ఆగిపోతుంది. తొట్టి ఖాళీ. పందులు ఓ పూట పస్తు. ఖాళీ కడుపులో ఆమ్లానికి అడ్డేముంది? పుండు లేనిదానికి పుండు, ఉన్నదానికి చావు. దాణా మిగల్చడానికి పట్టిన పిండే దాణా అందకుండా చేస్తుందన్నమాట. సరే, జారడానికి గుళికలు చేద్దాం అంటారు. గుళికల సంగతి పైన చెప్పుకున్నాం.

పందులు చావడం మొదలయ్యాక సమావేశం పెడతారు. ఒకాయన “స్ట్రెస్” అంటాడు. ఇరుకు, ఎండ, కొత్త పందులతో కొట్లాట, లారీ ప్రయాణం, అవన్నీ నిజమే. కానీ ఆ స్ట్రెస్ పెట్టింది ఎవరో మాత్రం మినిట్స్‌లో రాయరు. ఇంకొకాయన బ్యాక్టీరియా అంటాడు. 1984లో ఆస్ట్రేలియా వైద్యుడు బ్యారీ మార్షల్ హెలికోబ్యాక్టర్ సూప్ తాగి కడుపు పాడుచేసుకుని, 2005లో రాబిన్ వారెన్‌తో కలిసి నోబెల్ తెచ్చుకున్న దగ్గర్నుంచి, పుండు ఎక్కడ కనిపించినా ఆయన పేరు చెప్పుకోవడం ఆనవాయితీ. పందికీ ఒక హెలికోబ్యాక్టర్ ఉంది, సూయిస్ అని. దాని పాత్ర మీద పరిశోధకుల వాదం ఇంకా తెగలేదు. తెగేలోపు మూడో ఆయన సంచి విప్పుతాడు. కడుపును చల్లబరిచే పొడి. దాణాలో కలపాలట. ఎంత సన్నగా అని అడక్కండి.

మిల్లు జల్లెడ మార్చుదాం అని మాత్రం ఎవరూ అనరు. హ్యామర్ మిల్లు బదులు రోలర్ మిల్లు పెడితే గింజ ఒకే తీరుగా విరుగుతుంది, దుమ్ము తక్కువ. కొంత బార్లీ, ఓట్లు పొట్టుతో సహా కలిపితే మేలు. ఇవన్నీ పాత మాటలే. కానీ పొట్టు పోస్తే ఇలవేల్పు అలుగుతుంది.

కాబట్టి దేవుడి లెక్కే చూద్దాం. అమ్మకానికి వచ్చేలోపు పంది ఉజ్జాయింపుగా 250 కిలోల దాణా తింటుంది. ఒక శాతం ఆదా అంటే రెండున్నర కిలోలు. నూరు పందుల మీద మిగిలేది 250 కిలోలు. ఆ నూరింట్లో ఒక్కటి, తిండంతా తిన్నాక, రేపు లారీ ఎక్కుతుందనగా పుండుతో పోయిందనుకోండి. అది తిన్నదీ 250 కిలోలే. ఆదా అంతా ఒక్క పంది మింగి పోయింది. పిల్లను కొన్న డబ్బు, మందులు, దాన్ని పాతిపెట్టిన కూలీ అదనం.

మా ఊళ్లో ఎరుకలవాళ్ల నల్లపందులు గడ్డీ గాదం, తుంగ దుంపలూ తవ్వుకుని, ఇంటికొచ్చి తవుడు కలిపిన కుడితి తాగేవి. వాటికి మిల్లు వాటి నోరే, ఎంత నలిగితే అంత. అవి సుఖంగా ఉండేవని నేను అనను. బద్దెపురుగులతో సహా వాటి జబ్బులు వాటికుండేవి. పీచు కరువు మాత్రం లేదు.

ఐరోపా సమాఖ్య 2008/120 నంబరు ఆదేశంలో పందులకు తవ్వుకోవడానికీ కదిలించుకోవడానికీ గడ్డి లాంటిదేదైనా ఎప్పుడూ అందుబాటులో ఉంచాలనీ, చూలు పందులకు పీచున్న బరువైన మేత పెట్టాలనీ రాసింది. గడ్డి వేస్తే పంది దాంతో ఆడుకోవడమే కాదు, కాస్త తింటుంది కూడా. ఆ కాస్తే కడుపులో ముద్ద కడుతుంది. అయితే పేడ కిందికి జారేలా సందులు వదిలిన గచ్చు కింద పేడ గొట్టాలకు గడ్డి అడ్డం పడుతుందట. అందుకని చాలా ఫారాల్లో కప్పు నుంచి ఒక ఇనప గొలుసు వేలాడదీశారు. పంది దాన్నే నములుతోంది.