పద్నాలుగో కర్ర

పటర్రావు గారు గోల్ఫ్ ఆడతారని ఊళ్ళో అనుకుంటారు. ఆయన ఆడరు, పటర్ ఎంచుకుంటారు. ఎంచుకున్నది మంచిది కాదని తేల్చడానికే అప్పుడప్పుడు ఆడతారు.

గోల్ఫ్ తెలియనివారికి ఒక్క ముక్క. బంతిని దూరం కొట్టే కర్రలు వేరు, చివర్లో నున్నటి గ్రీన్ మీద దొర్లించి గుంటలో వేసే కర్ర వేరు. ఈ రెండోదే పటర్. గుంట వెడల్పు నాలుగుంబావు అంగుళాలు. 72 దెబ్బల కోర్సులో లెక్కప్రకారం 36 దెబ్బలు దీంతోనే కొట్టాలి. అంటే సగం ఆట. నెపం వేయడానికి ఇంతకంటే అనువైన వస్తువు సంచిలో ఇంకొకటి ఉండదు.

ఈ జాతి గోల్ఫ్ ఉన్న ప్రతి ఊళ్ళోనూ ఉంది. మా రాయపూర్ శాఖ లక్షణాలు ఇవి: తండ్రి విజయనగరం వైపు నుంచి రైలెక్కి వచ్చాడు. కొడుకు ఉర్లాలో రోలింగ్ మిల్లు పెట్టి, శంకర్ నగర్‌లో ఇల్లు కట్టి, నవా రాయపూర్‌లో ఫెయిర్‌వే గోల్ఫ్ కోర్సు వచ్చాక, డాక్టరు నడవమన్నాడన్న వంకతో మెంబరయ్యాడు. పొద్దున్న పోహా-జలేబీ, రాత్రికి చారన్నం. నోరు తెరిస్తే మూడు మాటలు: ఫీలు, అలైన్‌మెంటు, కన్సిస్టెన్సీ.

ఫీలు అంటే చప్పుడు. కొత్త పటర్ చేతికి రాగానే దాన్ని వేలి కణుపుతో టంగున కొట్టి, బిందెల కొట్లో ముసలమ్మలు చెవి పెట్టినట్టు చెవి పెడతారు. ఇందులో ఆయన్ని తప్పు పట్టలేం. జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజనీరుగా ఉన్న కార్‌స్టెన్ సోల్‌హైమ్ 1959లో సొంతంగా చేసుకున్న పటర్ బంతికి తగలగానే పింగుమంది. ఆ చప్పుడే కంపెనీ పేరయింది. బరువుని పటర్ తలకి రెండు చివరలా సర్దడం ఆయన చేసిన కిటుకు. బంతి నడిమధ్యన తగలకపోయినా తల అంతగా మెలి తిరగదు. పటర్రావు గారు ఈ కథంతా పదో గ్రీన్ మీద నిలబడి చెబుతారు. వెనక గుంపువాళ్ళు కేకలేస్తే, 'అరే, చదువుకోని జనం' అని మళ్ళీ సోల్‌హైమ్ దగ్గరికే వస్తారు.

ఒక పటర్ అమెరికా నుంచి వచ్చింది. మేనల్లుడు విశాఖ దాకా తెచ్చాడు, అక్కడినుంచి బావమరిది సమతా ఎక్స్‌ప్రెస్‌లో తెచ్చాడు, రగ్గులో చుట్టి, పక్కన ఆవకాయ జాడీ పెట్టుకుని. తితిలాగఢ్ దాటేసరికి జాడీ మూత వదులైంది. పిడి రబ్బరు ఈనాటికీ ఆవపిండి వాసన వేస్తుంది. 'ఫీలు అదిరింది, కానీ ఆకలేస్తోందయ్యా' అని ఆ పటర్‌ని పక్కన పెట్టారు.

అలైన్‌మెంటు దగ్గర ఆయన నిజంగా మొనగాడు, హాల్లో. నేలంతా రెండడుగుల టైల్సు. టైలుకీ టైలుకీ మధ్య గీత మీద బంతి పెట్టి, గీత వెంబడే కొట్టి, అవతల అడ్డంగా పడుకోబెట్టిన స్టీలు గ్లాసులో వరసగా వేస్తారు. గ్రీన్ మీద టైల్సు ఉండవు. పటర్ మొహం ఒక్క డిగ్రీ పక్కకి తిరిగితే పదడుగుల దూరంలో బంతి రెండంగుళాలు తప్పుతుంది. గుంటలో సగం వెడల్పూ అంతే. ఈ లెక్క చెప్పేదీ ఆయనే. చెప్పి, తలమీద గురికి ఒక గీత ఉన్నది అమ్మి మూడు గీతలున్నది కొంటారు.

ఇక కన్సిస్టెన్సీ. 'టైగర్ వుడ్స్ గెలిచిన 15 మేజర్ టోర్నీల్లో 14 ఒకే పటర్‌తో గెలిచాడు, తెలుసా?' అంటారు. తెలుసు. 'అందుకే నేనూ ఆ మోడలే తెప్పిస్తున్నా.' ఇది కిందటేడు మాట. ఈ మధ్యలో ఇంకో మూడు వచ్చాయి. అమెరికా టూర్‌లో గోల్ఫ్ మీదే బతికేవాళ్ళు కూడా ఎనిమిదడుగుల నుంచి రెండింట ఒకటి తప్పుతారని ఎవరైనా అంటే, వాళ్ళకి సరైన పటర్ దొరకలేదంటారు.

నిబంధనల ప్రకారం సంచిలో పద్నాలుగు కర్రలకి మించకూడదు. మామూలువాళ్ళు అందులో ఒక పటర్ పెట్టుకుంటారు. ఈయన ఒక ఐరన్ తీసేసి రెండు పెట్టుకుంటారు: దగ్గరికొకటి, దూరానికొకటి. పొడుగు పటర్‌ని పొట్టకి ఆనించి కొట్టడం 2016 జనవరి 1 నుంచి నిషేధం. ఆ నిషేధం తన మీద కక్షతో తెచ్చిందని ఆయన నమ్మకం. ఆనించడానికి సరిపడా పొట్ట ఎన్నాళ్ళకో సమకూరాక ఈ పని చేశారాయె!

ఎప్పుడైనా నాలుగు వరసగా పడ్డాయనుకోండి, అదీ పటర్ ఘనతే. అలాంటిది ఒకటి దేవుడి గదిలో ఉంది. రోజూ వాడితే పవరు పోతుందట. ఇంట్లో పటర్ల విషయంలో నిలకడ ఉన్నది వాళ్ళావిడకే: 'ఏవండీ, రిమోటు దివాన్ కింద పడింది, ఆ సన్నమూతిది ఇటివ్వండి.' రిమోటుకి ఆ సన్నమూతి బ్లేడు, బూజుకి ఆ పొడుగుది. ఏళ్ళుగా మార్చలేదు, గురి తప్పలేదు.

అసలు జబ్బు చిన్నది. మనిషి అయిదడుగుల అయిదంగుళాలు, కర్రలన్నీ 35 అంగుళాలు. కర్ర పొడుగై పటర్ ముక్కు గాల్లోకి లేస్తుంది, బంతి ఎడమకి పోతుంది. ఒకటిన్నర అంగుళం కోస్తే చాలావరకు కుదురుతుంది. మిల్లులో పొద్దస్తమానం ఇనప కడ్డీలు కొలిచి కోయించే మనిషి, పటర్ మాత్రం కోయనివ్వరు. కోస్తే మళ్ళీ అమ్మేటప్పుడు ధర రాదంటారు.

కాబట్టి రాయపూర్ వచ్చే తెలుగు గోల్ఫర్లకి ఒక మనవి. కొత్త పటర్ కొనకండి, ముందు ఈయన్ని అడగండి. బ్లేడు, మాలెట్, ఒక గీతది, మూడు గీతలది, అన్నీ కొత్తవాటిలాగే ఉన్నాయి, సగం ధరకి ఇస్తారు. పొట్టివాళ్ళు మాత్రం ఇంటికి తీసుకెళ్ళి కోయించుకోండి. ఆయన ఎదుట కోయొద్దు.