అంకె ఉంది, ఆపేవాడు లేడు

ఇప్పుడు నీళ్లకు ఉన్నంత లెక్క మా రోజుల్లో బంగారానికి కూడా లేదు. వాన పడితే ఎన్ని మిల్లీమీటర్లో ఫోన్‌లోకి వచ్చేస్తుంది. భూగర్భ జల శాఖ వాళ్ల పీజోమీటర్లు ఉన్నాయి. అవి నీళ్లు తోడుకునే బోర్లు కావు, నీళ్లెంత లోతుకు పోయాయో చూడటానికే వేసినవి. నెల నెలా మట్టం చెబుతాయి. చెరువులను పైనుంచి ఉపగ్రహం ఫొటోలు తీస్తుంది. చూడండి బిడ్డా, కడుపునిండా చూడండి. చూసి ఏం చేస్తున్నారన్నదే నా గోల.

మా రోజుల్లో వానకొలత పెట్టె ఒక్కటే, అదీ తాలూకా కచేరీలో. పొద్దున్నే ఎవరో చూసి రిజిస్టర్‌లో రాసేవారు. మా ఊరి వానకు దానితో పనిలేదు. మాకు గుర్తు మత్తడి. మత్తడి దుంకితే ఆ ఏడు గట్టెక్కినట్టే. దుంకకపోతే యాసంగికి ముందు పెద్దమనుషులు చెరువుకట్ట మీద కూర్చునేవారు. తూము దగ్గర నీళ్లెంత ఉన్నాయో చెరువు నీళ్లు చూసుకునే నీరటి చెప్పేవాడు. ఆ నీళ్లకు ఎంత పారుతుందో లెక్కగట్టి తైబందీ చేసేవారు. ఈసారి ఆయకట్టులో ఇంతవరకే నాటు, మిగతాది బీడు అని. ఒకసారి తైబందీ అయ్యాక తూము నీరటి చేతిలో ఉండేది. రాత్రిళ్లు పార భుజాన వేసుకుని మడిమడికీ నీళ్లు మళ్లించేవాడు. దొంగచాటుగా గండి కొట్టినవాడి పేరు తెల్లారేసరికి ఊరంతా తెలిసిపోయేది.

అదేదో రామరాజ్యం అని నేననడం లేదు. అంత తిరిగిన నీరటికి దక్కింది కళ్లంలో పెట్టే నాలుగు గింజలు. దొర మడికి నీళ్లు ఆపే ధైర్యం అతనికెక్కడిది? చివరి మడివాడి గోడు ఎప్పుడూ చివరనే వినేవారు. పైగా నీళ్లలో ఏముందో మాకెవరికీ తెలియదు. నల్లగొండ పల్లెల్లో కాళ్లు వంకర్లు పోయి, నడుములు పట్టేసి, మనుషులు వయసులోనే ముసలివాళ్లవుతుంటే కర్మ అనుకున్నారు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటితే ఫ్లోరైడ్ ఒంటికి ముప్పని చెప్పింది ప్రయోగశాల. కట్ట మీద కూర్చున్న పెద్దమనుషులు కాదు. కాబట్టి ముసలాడు కొలతలు వద్దంటున్నాడని నన్ను కొట్టిపారేయకండి.

నా గొణుగుడల్లా ఒకటే. అప్పుడు నీళ్లు చూసేవాడూ తూము మూసేవాడూ ఒక్కడే. ఇప్పుడు మట్టం కొలిచేది ఒక శాఖ, బోరుకు అనుమతిచ్చేది ఇంకో ఆఫీసు, కరెంటిచ్చేది మరొకరు, వడ్లు కొనేది వేరొకరు. వీళ్లలో ఎవరి అంకె ఎవరికి అందుతుందో ఆ మల్లన్నకే తెలియాలి. పీజోమీటర్‌లో మట్టం పడిపోయిందని చెప్పిన నెలలోనే ఊళ్లోకి బోరుబండి వస్తుంది. రోజూ షుగర్ పరీక్ష చేయించుకుని, ఆ కాగితం జేబులో పెట్టుకుని జిలేబీ బండి దగ్గరికి పోయినట్టుంది మన వ్యవహారం.

చట్టం లేదా? ఎందుకు లేదు! 2002లోనే వాల్టా చట్టం తెచ్చారు. నీరు, భూమి, చెట్టు మూడింటికీ అదే కాపలా. కొత్త బోరుకు అనుమతి కావాలి. ఊరి తాగునీటి బావికి 250 మీటర్ల లోపు బోరు వేయకూడదు. రాత చక్కగానే ఉంది. బోరుబండి మాత్రం రాత్రి పదికి వచ్చి కోడి కూసేలోపు వెళ్లిపోతుంది. పొద్దున లేచి చూస్తే చెట్ల మీదంతా బూడిదరంగు రాతిపొడి. అనుమతి తీసుకున్నావా అని మా పక్కింటి పిల్లగాణ్ని అడిగాను. "అవతలాయన ఐదొందల ఫీట్లు ఏసిండు తాతా, నేను ఎయ్యకుంటే నా నీళ్లు గూడ ఆయనకే పోతయి" అన్నాడు.

వాడన్నదాంట్లో అబద్ధం లేదు. మన తెలంగాణలో చాలాచోట్ల నేల కింద ఉన్నది గ్రానైటు బండ. పైన మెత్తబడ్డ రాతిపొరలో, దాని కింద పగుళ్లలో తప్ప నీళ్లకు చోటు లేదు. నీ పొలం కింది పగులుకు నీ గెట్టు ఎక్కడుందో తెలియదు. లోతుకు పోయినకొద్దీ నీళ్లు పెరుగుతాయన్న నమ్మకం లేదు, అప్పు పెరుగుతుందన్నది మాత్రం ఖాయం. అయినా అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి పాయింటు చూపించేవాణ్ని నమ్ముతాం, పీజోమీటర్‌ను నమ్మం.

కరెంటు మీద నాకు కోపం లేదు. మోట తోలిన చేతులివి, మోటారు విలువ నాకొకరు చెప్పనక్కర్లేదు. కానీ మోటకు ఒక హద్దుండేది. ఎద్దులు అలిసిపోతే నీళ్లు ఆగేవి, బావి ఊరేదాకా ఆగక తప్పేది కాదు. 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. దానికి ఆటో స్టార్టర్ తోడైతే రైతు ఇంట్లో నిద్రపోతుంటే బోరు దానంతటదే పోస్తుంటుంది. 2015లో మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీయడం మొదలుపెట్టారు, మంచి పని. మా చెరువూ బాగయింది. తూము తాళంచెవి ఎవరి దగ్గరుండాలో మాత్రం మా ఊళ్లో మేమే ఇంకా తేల్చుకోలేదు.

కొలత, కట్టుబాటు కలిసిన పని ఈ నేల మీద జరగనిదేం కాదు. 2000 దశకంలో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో, మన మహబూబ్‌నగర్, నల్లగొండలతో సహా, ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఎఫ్‌ఏఓ సాయంతో ఒక పథకం నడిచింది. అందులో బావుల మట్టం కొలిచింది రైతులే, వాన రాసుకున్నదీ రైతులే. యాసంగికి ముందు అందరూ కూర్చుని ఉన్న నీళ్లెన్ని, వేయాలనుకున్న పంటలకు కావలసినవెన్ని అని లెక్కేసుకునేవారు. ఎవరినీ ఎవరూ బలవంతపెట్టలేదు. తన చేత్తో కొలిచిన అంకె కాబట్టి కొందరు వాళ్లంతట వాళ్లే వరి తగ్గించుకున్నారు. తైబందీకి చదువు చెప్పించినట్టయింది. పథకం గడువు తీరింది, అంకెలు మళ్లీ ఆఫీసులకు చేరాయి.

అందుకే అడుగుతున్నా. ఫోన్‌లో దాచుకున్న ఆ అంకెను దసరా దాటాక ఒకరోజు గ్రామసభలో గట్టిగా చదవండి. ఈ నీళ్లకు ఇన్నెకరాల వరి, మిగతాది పల్లీనో శనగనో అని అందరి ముందు తేల్చండి. దొరకైనా చివరి మడివాడికైనా ఒకటే లెక్క. రాత్రిపూట వచ్చే బోరుబండిని నిలబెట్టడానికి ఒక మనిషిని పెట్టండి. మా నీరటికి ఇవ్వని జీతం, మర్యాద అతనికైనా ఇవ్వండి. ఇదంతా మావల్ల కాదంటారా, ఆ పీజోమీటర్లకు కూడా తలా ఒక మోటారు బిగించండి. ఒక్క మడైనా పారుతుంది.