ఎనిమిదిన్నరకు నా మాట

నేను వర్షమాపకాన్ని. చీపురుపల్లిలో ఒక ప్రభుత్వ కార్యాలయం ఆవరణలో, చెట్ల నీడ పడని జాగా చూసి, సిమెంటు దిమ్మ మీద నన్ను నిలబెట్టారు. ఆఫీసువాళ్లు రెయిన్‌గేజ్ అంటారు, పక్క వీధి పిల్లలు వానడబ్బా అంటారు. ఏ పేరుతో పిలిచినా పలుకుతాను. నా ఒళ్లు ఫైబర్ గ్లాసు. నా నోటి వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లు, దాని కింద గరాటు, గరాటు కింద నాలుగు లీటర్ల సీసా. ఒక మిల్లీమీటరు వాన పడితే సీసాలోకి 20 మిల్లీలీటర్ల నీళ్లు దిగుతాయి. రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకు ఒక పెద్దాయన వచ్చి తాళం తీస్తాడు. సీసా పైకెత్తి, గీతలున్న గాజు గ్లాసులోకి నీళ్లు వంపి, కంటికి సమానంగా పట్టుకుని, నీటి అంచు ఏ గీత మీదుందో చూస్తాడు. చేయి వణక్కుండా ఊపిరి బిగబట్టి మరీ చూస్తాడు. ఆ అంకె విజయనగరం వెళ్తుంది. దేశంలో ఎక్కడైనా వాన లెక్కకు రోజు ఎనిమిదిన్నరకే మొదలై ఎనిమిదిన్నరకే ముగుస్తుంది.

నా బతుకులోని చిక్కంతా ఆ వేళ దగ్గరే ఉంది. నేను చెప్పేది పడిపోయిన వాన గురించి. ప్రహరీ అవతల పిల్లలకు కావలసింది పడబోయే వాన గురించి. నా అంకె పుస్తకంలోకి ఎక్కేసరికి వాళ్లు సంచులు తగిలించుకుని సగం దారిలో ఉంటారు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సాయంత్రం పూట ఇక్కడ వినబడే మాట ఒక్కటే.

"తాతా, వాయుగుండం పడిందట గదా! రేపు బడుంటాదా?"

"కలెక్టరుగారు సెప్పాలమ్మా. నాకేటి తెలుస్తాది?"

"మీ డబ్బాకి తెల్దా?"

"దానికి రేప్పొద్దున్న గానీ తెల్దు. ఇంటికెల్లి టీవీ సూడు."

ఆ పిల్ల వెళ్లిపోయాక పెద్దాయన తూర్పు వైపు చూస్తూ కాసేపు నిలబడతాడు. మాకు సముద్రం కనబడదు. పూసపాటిరేగ, భోగాపురం దాటితే గానీ తీరం రాదు. అయినా ఇక్కడి బడి ఉంటుందో లేదో తేల్చేది ఆ సముద్రమే.

ప్రమాద హెచ్చరిక నంబరును బట్టి సెలవు లెక్కగట్టేవాళ్లు మా ఊళ్లో చాలామంది. కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో మూడో నంబరు ఎగరేశారని వినగానే "రేపు బడి లేదు" అని తీర్మానించేస్తారు. ఆ నంబరు ఓడల కోసం. బడి సంగతి తేలాలంటే చూడవలసింది వాతావరణ శాఖ జిల్లాల వారీగా ఇచ్చే వాన అంచనా. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు చేరితే భారీ, 115.6 చేరితే అతి భారీ, 204.5 చేరితే అత్యంత భారీ వర్షం. నా సీసాలో పట్టేదే 200 మిల్లీమీటర్లు. అంటే అత్యంత భారీ వర్షమంటే నా సీసాకు పట్టని వాన. అలాంటి రోజున పెద్దాయన ఎనిమిదిన్నర దాకా ఆగడు. గొడుగు వేసుకుని మధ్యమధ్య వచ్చి, కొలిచి, పారబోసి, చివర్న కలిపి రాస్తాడు. గాలి మరీ పెచ్చుమీరితే చినుకులు అడ్డంగా కొట్టుకుపోయి, నా నోట్లో పడాల్సినవి కొన్ని పడనే పడవు. తుపాను నాడు నేను చూపించిన అంకె కంటే వాన ఇంకొంచెం ఎక్కువే పడిందని అనుకోవాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటిన నాటికి నేనిక్కడే ఉన్నాను. ఆదివారం కాబట్టి బడి ఉంటుందా అని ఎవరూ అడగలేదు. ఆ గాలికి విశాఖలోని డాప్లర్ రాడార్ కూడా దెబ్బతింది. మా జిల్లాలో ఎన్నో ఊళ్లకు రోజుల తరబడి కరెంటు రాలేదు. చెట్లు అడ్డంగా పడి దారులు మూసుకుపోయాయి. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం దగ్గర తీరం దాటింది, అదీ ఆదివారమే. రెండుసార్లూ పిల్లలు ఇళ్లలోనే ఉన్నారు. క్యాలెండరు చేసిన మేలు అది. ప్రతిసారీ అలా కలిసిరాదు.

గులాబ్ వచ్చిన రెండు నెలలకే జవాద్ భయం పట్టుకుంది. నేను అన్నిటికంటే ఎక్కువగా తలుచుకునేది ఆ తుపానునే. అది 2021 డిసెంబరు మొదటి వారం. కోసిన వరి చేలల్లోనూ కల్లాల్లోనూ ఉంది. శుక్రవారం 3వ తేదీన వాయుగుండం తుపానుగా మారింది. ఉత్తరాంధ్ర తీరానికి దగ్గరగా వచ్చి, ఒడిశా వైపు మళ్లుతుందని అంచనా. మూడు జిల్లాల్లో 50 వేల మందికి పైగా జనాన్ని సహాయ కేంద్రాలకు చేర్చారు. రైళ్లు పదుల సంఖ్యలో రద్దయ్యాయి. రోజంతా రైళ్ల చప్పుడు వినబడే మా స్టేషను వైపు నుంచి అలికిడి తగ్గిపోయింది. బడులకు సెలవిచ్చారు. తీరా చూస్తే శనివారం నాటికి జవాద్ సముద్రంలోనే బలహీనపడిపోయింది. ఆదివారానికి పూరీ దగ్గర వట్టి వాయుగుండంగా మిగిలింది. మా దగ్గర భయపడినంత వాన పడలేదు.

ఆ తర్వాత ప్రహరీ పక్కన వినబడిన మాటలు నాకింకా గుర్తే. "వానేదీ? ఉత్త పున్నేనికి సెలవిచ్చీసినారు. గుంటలు ఆడుకున్నారు." నాకు ఆ మాట సరికాదనిపించింది, ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది. డిసెంబరు తుపాను తీరు వేరు. ఉత్తరం నుంచి పొడిగాలి దాని కడుపులోకి దూరుతుంది. పైన పడమటి గాలులు తల ఒకవైపు, మొదలు ఒకవైపు లాగి విరిచేస్తాయి. ఆ గాలులే దాన్ని ఈశాన్యం వైపు తిప్పుతాయి కూడా. ఆ మలుపు కొన్ని గంటలు ఆలస్యమై ఉంటే చాలు, తుపాను మన తీరం మీదికి వచ్చి పడేది. శుక్రవారం నాడు ఎవరికీ ఆ గంటలు ఖాయంగా తెలియవు. ఒక రోజు ముందు చెప్పిన అంచనాలోనైనా తీరం దాటే చోటు పదుల కిలోమీటర్లు అటో ఇటో జరగొచ్చు. పదుల కిలోమీటర్లంటే కళింగపట్నానికీ భీమునిపట్నానికీ మధ్య దూరం లాంటిదే. తెలిసినంతలో తీసుకున్న ఆ నిర్ణయం మంచిదే. వాన పడకపోవడం వల్ల అది తప్పయిపోదు.

సెలవు ఊరికే రాదని కూడా నాకు తెలుసు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకు 200 పనిదినాలు, ఆరు నుంచి ఎనిమిదికి 220 ఉండాలి. పోయిన రోజును రెండో శనివారమో ఆదివారమో పూడ్చుకోవచ్చు. బడిలో పెట్టే మధ్యాహ్న భోజనాన్ని మాత్రం ఎవరూ పూడ్చరు. ముసురు పట్టి కూలి దొరకని రోజున ఆ అన్నం, ఆ గుడ్డు ఇంట్లో ఉండవు. సెలవు ప్రకటించే ముందు ఈ మాట కూడా లెక్కలోకి రావాలి. అయినా, నిండిన గెడ్డ (వాగు) దాటి బడికి రమ్మని ఏ పిల్లనూ అడగలేం. అందుకే ముసురు రోజుల్లో రేషన్ ఇంటికి చేర్చే ఏర్పాటు సెలవుతో పాటే నడవాలంటాను.

గెడ్డల సంగతి ఎవరూ పట్టించుకోరు. సెలవు గాలిని చూసి ఇస్తారు, గాలి తగ్గగానే బడి తెరుస్తారు. మా వైపు ముప్పు చాలాసార్లు గాలి వెళ్లాకే వస్తుంది. కొండల్లో పడిన వాన గెడ్డల్లోకీ, నాగావళి, చంపావతి లాంటి ఏళ్లలోకీ దిగడానికి సమయం పడుతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరిని, జీడితోటలను నేలమట్టం చేసింది. ఆ తర్వాత ఒడిశా కొండల్లో కురిసిన వానకు వంశధార పొంగింది. మా వైపూ అంతే, ఎండ కాస్తుండగానే కాలిబాట మీద మోకాలి లోతు నీళ్లు పారతాయి. అడుగున రాయి ఉందో గొయ్యి ఉందో కనబడదు. గరివిడి వైపు నుంచో మెరకముడిదాం వైపు నుంచో నడిచొచ్చే పిల్లకు తుపాను తీరం దాటిన మర్నాడే ఎక్కువ ప్రమాదం.

జిల్లా అంతటికీ ఒకే సెలవు ఎందుకని మా ఆవరణలో వాదులాడుకుంటారు. తీరం పక్కనున్న మండలానికీ కొండ పక్కనున్న మండలానికీ ఒకే వాన పడదు. అది నాకూ, నాలాంటి మిగతా మండలాల మాపకాలకూ తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఇప్పుడు గంటగంటకూ తమంతట తామే అంకె పంపే ఆటోమేటిక్ కేంద్రాలు రాష్ట్రమంతా వచ్చాయి. వాటి లెక్కలూ నా పాత పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఎంత వానకు ఏ గెడ్డ దారి మూస్తుందో మండలం వారీగా చెప్పవచ్చు. అలాంటి చిట్టా బడి దగ్గర ఉంటే, గాలి హెచ్చరిక పోయాక కూడా ఏ ఊరి పిల్లలను మరో రోజు ఇంట్లోనే ఉంచాలో ప్రధానోపాధ్యాయుడికి ముందే తెలుస్తుంది.

ఇంకొక్క సంగతి, వేళ గురించి. కబురు రాత్రి అన్నాలవేళ లోపు రావాలి. తెల్లారి ఏడున్నరకు వాట్సాప్‌లో వచ్చే సెలవు ఫోను లేని ఇంటికి చేరదు. అప్పటికే తల్లి పొలానికో, గోగునార పనికో వెళ్లిపోయి ఉంటుంది, పిల్ల ఒక్కతే వానలో బయల్దేరుతుంది. ఇటు నుంచే నడుచుకుంటూ పోతారు కాబట్టి అలాంటి పిల్లలను నేను చూస్తూనే ఉంటాను. సాయంత్రం ఆరింటికి వాన హెచ్చరిక ఆరెంజ్ రంగులోనో రెడ్ రంగులోనో ఉంటే, ఇంకో బులెటిన్ చూద్దామని అర్ధరాత్రి దాకా ఆగకుండా అప్పుడే చెప్పేయాలి. దండోరా వేయించాలి, గుడి మైకులో చెప్పించాలి. మర్నాడు ఎనిమిదిన్నరకు ఎంత పడిందో నేను చెబుతాను.