ఇంటి కెమెరా పద్యానికి టీకా తాత్పర్యాలు

ఆ.వె.
ఇంటి కెమెర చూడ నెక్కడో నుండియు
పోర్టు తెఱచి యుంచఁ బోకు మన్న
తాళచెవుల జంట దాల్చిన దారినే
నడచి యింట దూఱు నరులు గనక

సందర్భము: ఇల్లు తెనాలిలో, కొడుకు డాలస్‌లో. వరండాలో కెమెరా, టీవీ బల్ల కింద రికార్డరు. "నాన్నా, నా ఫోన్లో కనపడేట్టు చేయించు" అని కొడుకు అనగా, తండ్రి కెమెరాలు బిగించే కుర్రాణ్ణి పిలవగా, కవి అడ్డుపడి చెప్పినది.

ప్రతిపదార్థము: అన్న = ఓ టెక్నీషియనన్నా (వయసుతో పని లేదు, నిచ్చెన ఎక్కినవాడల్లా అన్నే); ఎక్కడో నుండియు = డాలస్ మొదలగు దూరదేశములనుండి; ఇంటి కెమెర = ఇంట బిగించిన కెమెరాను; చూడన్ = చూచుటకై; పోర్టు = రౌటరునందలి నంబరు గల ద్వారమును; తెఱచి యుంచఁబోకుము = బార్లా తీసి పోవలదు; తాళచెవుల జంట = దాచుకొనునదొకటి, పంచుకొనునదొకటి యగు రెండు కీలను; దాల్చిన దారినే = కలిగిన వీపీఎన్ అను గుప్త మార్గముననే; నరులు గనక = పరులు చూడకుండ; నడచి యింట దూఱు = ఇంటి నెట్‌వర్కున ప్రవేశింపుము. పూర్వార్ధం అన్నకు, ఉత్తరార్ధం కొడుక్కి అని అన్వయం.

తాత్పర్యము: రికార్డరును ఇంటర్నెట్టుకు ఎదురుగా నిలబెట్టకు. ముందు వీపీఎన్‌తో ఇంట్లోకి రా, తర్వాత కెమెరా చూసుకో.

విశేషములు: పోర్టు నంబరు 8000 తీసి 48123 పెడితే దొంగకు దొరకదు కదా అని పూర్వపక్షం. చెల్లదు. పోర్టులు మొత్తం 65,535. వాటిని వరసగా తట్టి చూసే ప్రోగ్రాములకు అలుపు లేదు. దొరికినవాటిని జాబితా కట్టే షోడాన్ అనే సైటు 2009 నుంచీ ఉంది. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్, తయారీదారులు పెట్టి పంపిన పాస్‌వర్డులు ఓ అరవై చిల్లర వల్లించి, ఇలాంటి కెమెరాలనూ రికార్డర్లనూ లక్షల్లో లోబరుచుకుంది. మా పాస్‌వర్డు గట్టిదంటారా? రికార్డరు సాఫ్ట్‌వేరుకే చిల్లుంటే ఆ పాస్‌వర్డును అడిగేదెవరు?

ఇక అసలు చిక్కు. కవిగారి మనసులో ఉన్న వీపీఎన్ వైర్‌గార్డ్ (2020లో లినక్స్ 5.6లో చేరింది). అదీ ఒక పోర్టు మీదే వింటుంది, మామూలుగా 51820. పోర్టు తెరవొద్దన్న నోటితోనే తెరవమనడం విరోధం కాదా? కాదు. తనకు తెలిసిన కీ లేనివాడు ఎంత తట్టినా అది బదులు పలకదు, ఉన్న జాడే ఇవ్వదు. "నరులు గనక" అన్నది ఇందుకే, పాదపూరణానికి కాదు. ఆ కీ 44 అక్షరాల పొడుగు, చివర సమానం గుర్తు; నాన్నకు ఫోన్లో చదివి వినిపించే సాహసం చేయకండి, క్యూఆర్ కోడ్ పంపండి.

రౌటరు బయటి అడ్రసు 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే ఇంటర్నెట్టుకు కనపడే అసలు అడ్రసు మీ ఒక్కరిదే కాదు, ఇంటర్నెట్ కంపెనీ పదిమందికి కలిపి పంచినది. అప్పుడు మీరు ఏ పోర్టు తెరిచినా బయటినుంచి ఎవరూ రాలేరు, మీరూ రాలేరు. వైర్‌గార్డ్ మీదే కట్టిన టెయిల్‌స్కేల్ వంటి మధ్యవర్తి కావాలి.

డాలస్ ఇల్లూ 192.168.1, తెనాలి ఇల్లూ 192.168.1 అయితే కొడుకు తెనాలి కెమెరాను పిలిచినా పిలుపు డాలస్ ఇల్లు దాటదు. తెనాలిని ముందే 192.168.57కు మార్చండి.

కొడుకు ఫోను పోతే? వైర్‌గార్డ్ సెట్టింగుల్లో ఆ ఫోను పబ్లిక్ కీ ఉన్న భాగం చెరిపేస్తే చాలు. అమ్మ ఫోనులో కెమెరా ఎప్పటిలాగే వస్తుంది.