విమాన సంస్థ పెట్టాలనుకునే కోలారు వాళ్లకు తలకిందుల సలహాలు

టమోటా మండీలోనో, గ్రానైటులోనో, బెంగళూరు శివారు స్థలాల మీదో నాలుగు డబ్బులు చేసుకున్న మావాళ్లలో కొందరికి సొంతంగా విమానాలు నడపాలని ఉంటుంది. బెంగళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్లి పక్కనే ఉంది, విమానాలు నెత్తిమీదే తిరుగుతుంటాయి, ఆశ పుట్టడంలో తప్పు లేదు. ఆ ఆశ ఉన్నవాళ్ల కోసమే ఈ సలహాలు. ఆడిటరుకు చూపిస్తే అన్నీ తప్పులే అంటాడు. అయినా మనస్ఫూర్తిగా చెబుతున్నాను, ఒక్కటీ వెనక్కి తీసుకోను.

ముందుగా, మన ఊరికి విమానాశ్రయం కావాలని అడగకండి. కేజీఎఫ్‌లో బంగారు గనులు మూతపడ్డాక ఇంత భూమి ఖాళీగా ఉంది కదా, రన్‌వే వేస్తే ఊరు మళ్లీ లేస్తుంది కదా అంటారు. బాధలోంచి వచ్చిన మాట అది, కాదనలేను. కానీ దేవనహళ్లి విమానాశ్రయం కట్టిన కంపెనీతో కేంద్రం 2004లో చేసుకున్న ఒప్పందంలో ఒక షరతుంది. విమానాశ్రయం తెరిచిన 2008 మే నుంచి 25 ఏళ్లపాటు, అంటే 2033 దాకా, 150 కిలోమీటర్ల లోపల మైసూరు, హాసన్ తప్ప పోటీకి మరొకటి రాకూడదు. కోలారు, బంగారపేట, కేజీఎఫ్ అన్నీ ఆ గీతకు లోపలే. హోసూరులో కడతామని 2024లో తమిళనాడు ప్రకటించినప్పుడు కూడా ముందు చర్చకొచ్చింది ఈ షరతే.

పోనీ, 2033 దాటిందనుకుందాం. కేజీఎఫ్ నుంచి బెంగళూరు వంద కిలోమీటర్లు. గాల్లో ఇరవై నిమిషాలు పట్టే దూరానికి గంటన్నర ముందే వెళ్లి కూర్చోవాలి. అక్కడి మారికుప్పం నుంచి తెల్లారకముందే బెంగళూరుకు కదిలే రైలు ఉంది. దానిలో సీజన్ టికెట్టు మీద వేలమంది నిలబడి నిద్రపోతూ పనికి పోతారు. ఆ రైలును ధరలో ఓడించే విమానం ఇంకా పుట్టలేదు. మంత్రి దగ్గరకు వెళ్లే పలుకుబడి ఉంటే ఆ రైలుకు నాలుగు బోగీలు ఎక్కువ వేయించండి. ఊరికి అది నిజమైన సాయం.

రెండోది, విమాన సంస్థ పెట్టేవాళ్లు విమానం తీసుకోకండి. ప్రయాణికుల కాళ్ల కింద సరుకు పెట్టే జాగా ఉంటుంది. మొదట వేరేవాళ్ల విమానాల్లో ఆ జాగా కొని అమ్మండి. మన నరసాపురలో ఐఫోన్లు తయారవుతున్నాయి. విస్ట్రాన్ పెట్టిన ఆ ఫ్యాక్టరీ 2023లో టాటా ఎలక్ట్రానిక్స్ చేతికి వచ్చింది. చేతిలో పట్టే పెట్టెకు వేల రూపాయల విలువ ఉన్నప్పుడు కిలోకు ఎంత చార్జీ అయినా తట్టుకుంటుంది. మన టమోటా తట్టుకోదు. 2023 జూలైలో 15 కిలోల బాక్సు రెండు వేలు దాటినప్పుడు కూడా అది లారీ సరుకే. ఏ సరుకు విమానం ఎక్కుతుంది, ఏది లారీ ఎక్కుతుంది, ఏ నెలలో ఏ ఊరికి జాగా దొరకదు అన్నది చేతికి తెలిసేదాకా పైలట్ల గురించి, ఎయిర్‌హోస్టెస్‌ల చీరల రంగు గురించి మాట్లాడకండి.

ఇక అందరూ తిట్టే సలహా. పోటీవాడు ధర తగ్గిస్తే మీరు తగ్గించకండి, ఆ రూటే వదిలేయండి. ఖాళీ సీటు కన్నా చవక సీటు మేలని పెద్దపెద్దవాళ్లే అంటారు. ఒక్క ఫ్లైటు వరకు చూస్తే ఆ లెక్క నిజం, తలుపు మూశాక ఖాళీ సీటుకు పైసా రాదు. ఏడాది పొడుగునా అదే లెక్క నడిపితే కంపెనీ పోతుంది.

ఎందుకో కేజీఎఫ్ వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. మూడు కిలోమీటర్ల లోతుకు దిగిన గనిలో బంగారం వచ్చినా రాకపోయినా నీళ్లు తోడే పంపులు ఆడాల్సిందే. జాన్ టేలర్ కంపెనీ 1880లో దిగిన తొలిరోజుల్లో టన్ను రాతికి నలభై గ్రాముల పైన బంగారం పడేది కనుక ఆ ఖర్చు ఎవరికీ కనపడలేదు. చివరికి టన్నుకు కొద్ది గ్రాములే మిగిలాయి, పంపుల ఖర్చు మాత్రం తగ్గలేదు. 2001 ఫిబ్రవరి 28న గని మూశారు. విమానానికి అద్దె అలాంటి పంపే. ఎగిరినా, షెడ్డులో ఉన్నా నెలనెలా డాలర్లలో కట్టాలి. రూపాయి పడిపోతే అద్దె పెరిగినట్టే. దాని పైన ఇంధనం.

దేశంలో ఎగిరే ప్రయాణికుల్లో అరవై శాతానికి అటూఇటూగా ఇండిగో విమానాలే ఎక్కుతున్నారు. వందల విమానాల మీద ఖర్చు పంచుకునేవాడు ఒక రూటులో ఆరు నెలలు నష్టానికి నడపగలడు. మీకు ఆరు వారాలు కూడా కష్టం. గొరూరు గోపీనాథ్ 2003లో ఎయిర్ డెక్కన్ పెట్టినప్పుడు తన పోటీ రైలుతోనే అన్నాడు. నా దృష్టిలో మన దేశంలో విమానాల గురించి అంత స్పష్టంగా ఆలోచించినవాళ్లు తక్కువ. తర్వాత అదే బాటలో డబ్బున్నవాళ్లు దిగారు, 2007లో కంపెనీ కింగ్‌ఫిషర్ చేతికి పోయింది. కింగ్‌ఫిషర్ ఒకే గొడుగు కింద ఖరీదైన సీటూ చవక సీటూ అమ్మబోయి, 2011లో చవకది మూసి, 2012 అక్టోబరులో మొత్తంగా ఆగిపోయింది. అందుకే పెద్ద కంపెనీలు రాని రూటు వెతకండి, విమానం సగమే నిండినా సరే. వాళ్లు వస్తే మర్యాదగా తప్పుకోండి. పిరికితనం అంటారు, అననివ్వండి.

పెద్ద ఆర్డరు ఇవ్వకండి. ఇండిగో 2005లో, ఇంకా ఒక్క టికెట్టూ అమ్మకముందే, వంద ఎయిర్‌బస్ 320లకు ఆర్డరిచ్చి గెలిచింది కదా అని వాదిస్తారు. అది ప్రపంచమంతా నడిపే రకం. పైలట్లు, విడిభాగాలు దొరుకుతాయి, చవకగా కొని అద్దె కంపెనీకి అమ్మి, మళ్లీ అద్దెకు తీసుకోవచ్చు. మన విజయవాడ ఎయిర్ కోస్టా 2013లో మొదలై, 2014లోనే యాభై ఎంబ్రాయర్ జెట్లకు దాదాపు మూడు వందల కోట్ల డాలర్ల ఆర్డరు ప్రకటించింది. అప్పటికి దేశంలో ఆ రకం నడిపే మరో పెద్ద సంస్థ లేదు. 2017 ఫిబ్రవరిలో సర్వీసులు ఆగాయి. తెలుగువాళ్ల విమానం అని మురిసినవాళ్లలో నేనూ ఉన్నాను, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

సబ్సిడీ రూటుకు మొదటి రోజు వెళ్లకండి, నాలుగో ఏడు వెళ్లండి. కేంద్రం ఉడాన్ పథకం మొదలుపెట్టినప్పుడు గంట ప్రయాణానికి 2,500 రూపాయల గరిష్ఠ ధర పెట్టి, నష్టం పూడ్చే డబ్బు మూడేళ్లు ఇస్తామంది. 2017 ఏప్రిల్ 27న ఆ పథకం కింద తొలి విమానాలు లేచిన రోజే హైదరాబాదు సంస్థ ట్రూజెట్ కడపకు ఎగిరింది. 2022 ఫిబ్రవరి నుంచి ట్రూజెట్ ఎగరడం లేదు. బెంగళూరు–బీదర్ సర్వీసు ఆగిపోయి, రాష్ట్ర ప్రభుత్వం డబ్బిస్తానన్నాకే 2025లో మళ్లీ మొదలైంది. సాయం ఆగిన మర్నాడు కూడా సొంత డబ్బుతో టికెట్టు కొనేవాళ్లు ఎంతమందో చూడండి. ఆ సంఖ్య మీద మాత్రమే విమానం పెట్టండి. ముందు వెళ్లినవాళ్లకు ఆ సంఖ్య తెలియదు, మీకు తెలుస్తుంది.

చివరి సలహాకు భాగస్వాములు ఒప్పుకోరు. చేతిలో డబ్బు ఉండగానే మూసే తేదీ రాసుకోండి. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ ఆగినప్పుడు ఉద్యోగులు జీతాల కోసం, ప్రయాణికులు టికెట్ల డబ్బు కోసం తిరిగారు. గని మూసిన రోజున కేజీఎఫ్ క్వార్టర్లలో ఉన్న కుటుంబాలు ఎన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరిగాయో మనకు తెలుసు. కాబట్టి మొదటి టికెట్టు అమ్మేముందే ఆరు నెలల జీతాలు వేరే ఖాతాలో వేయండి. అందులోంచి పైసా తీయాలన్నా మీ సంతకంతో పాటు ఉద్యోగుల తరఫున ఒకరి సంతకం ఉండాలి. ముందస్తుగా వచ్చిన టికెట్ల డబ్బు ఆ ప్రయాణికుడు దిగేదాకా ముట్టుకోకండి. ఇలా చేస్తే అనుకున్నదానికి ఒక విమానం తక్కువతో మొదలుపెట్టాల్సి వస్తుంది. తక్కువతోనే పెట్టండి.